వంతు పడిన పుస్తకం

ఎక్కువ రాసిన రచయితతో ఒక చిక్కుంది. నాలుగు పుస్తకాలు రాసినవాడైతే చేతికందినది తీసి చదివేస్తాం. నలభైమూడు రాసినవాడి దగ్గర మాత్రం పాఠకుడు కొత్త ఊళ్ళో బస్సు దిగినవాడిలా నిలబడిపోతాడు. దారి అడగాలి. అడిగితే ప్రతివాడూ ఒక్కో వైపు చూపిస్తాడు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద నాకొక టికెట్ కలెక్టరు పరిచయమయ్యాడు. ఏ రచయితనైనా చివరి పుస్తకంతో మొదలుపెట్టి వెనక్కి చదువుకుంటూ వచ్చేవాడు. మనిషి ముసలితనం ముందు చూసేస్తే అతని కుర్రతనాన్ని క్షమించడం తేలికట. విజయనగరంలో ఒక దర్జీ అన్నిటికంటే పలచని పుస్తకం తీసుకునేవాడు. గుడ్డ ఎలాంటిదో చూడ్డానికి చిన్న ముక్క చాలు కదా అనేవాడు. ఇద్దరివీ మంచి కళ్ళు. మొదటిది బాగాలేకపోతే రెండోది తీసేవారు.

ఆర్యపల్లి పైడన్నకి రెండోది లేదు.

అతను చదవాలనుకున్న రచయిత చింతాడ బుచ్చిలింగం. తెలియనివారి కోసం రెండు మాటలు. బుచ్చిలింగం నవలలన్నీ మబ్బుపేటలో జరుగుతాయి. మేఘాల మీద కట్టిన ఊరు అది. అక్కడ మాంత్రికులు గవర్నమెంటు ఉద్యోగులు. మంత్రం పలకాలంటే రెండు సంతకాలు, ఒక రబ్బరు స్టాంపు ఉండాలి. ఫైలు ఎక్కడో ఆగిపోతే కింద భూమి మీద వాన పడదు. ఒక రాక్షసి మెస్సు నడుపుతుంది, భోజనం బాగాలేదన్నవాణ్ణి మర్నాడు వడ్డిస్తుంది. ఇలాంటివి నలభైమూడు. ఏడోది ‘పిశాచానికి పింఛను’, అందరూ మెచ్చుకునేది. ముప్పైఎనిమిదోది ‘మబ్బుపేట ధర్మశాసనం’. అది రాసేనాటికి బుచ్చిలింగానికి తాను తత్త్వవేత్తనని అనుమానం వచ్చింది. అయిదువందల పన్నెండు పేజీలు. మబ్బుపేట చట్టాలు, ఉపచట్టాలు, మాంత్రికుల గోత్రాలు. అందులో హాస్యం ఉందనే అంటారు, కానీ ముందు ముప్పైఏడు చదివినవాడికే అది కనిపిస్తుంది. నేను ముప్పైఏడూ చదివాను. నాకు కనిపించలేదు.

పైడన్నది ఒడిశా తీరంలోని ఆర్యపల్లి, చేపల వేట. అతనికి బుచ్చిలింగం పేరు మొదట తెలియదు. ఇరవైరెండేళ్ళ కిందట ఇంజను ఆగిపోయి, ఐదుగురు మనుషులతో అతని బోటు మూడు రోజులు సముద్రం మీద తేలింది. మంచినీళ్ళు రెండో రోజుకే అయిపోయాయి. భావనపాడు నుంచి కూలికి వచ్చిన ఒక మనిషి దగ్గర అట్టలేని సగం పుస్తకం ఉంది, ఎండు చేపలు చుట్టడానికి కొన్న చిత్తుకాగితాల్లో దొరికిందట. తోచక పైకి చదివాడు. ఒక పిశాచం పింఛను కోసం ఆఫీసుకి వెళుతుంది. గుమాస్తా అన్నీ చూసి, బతికి ఉన్నట్టు సర్టిఫికెట్ తెమ్మంటాడు. చచ్చాను కాబట్టే కదా బాబూ పిశాచాన్నయ్యాను అంటుంది పిశాచం. అయితే చచ్చినట్టు సర్టిఫికెట్ తే, పింఛను ఆపేస్తాను అంటాడు గుమాస్తా. పెదాలు పగిలి నెత్తురు కారుతున్నా ఐదుగురూ పడి పడి నవ్వారు. నాలుగో రోజు ఉదయం వేరే బోటు తాడు విసిరింది. ఆ తొక్కిసలాటలో పుస్తకం నీళ్ళలో పడింది.

ప్రాణాలు దక్కాయి. పిశాచానికి పింఛను వచ్చిందో రాలేదో తేలలేదు.

పైడన్న నాలుగో తరగతి దాకా ఒడియా బడిలో చదివాడు. తెలుగు మాట్లాడడమే తప్ప అక్షరం రాదు. ఇచ్ఛాపురం గోడల మీద సినిమా పోస్టర్లు చూసి, బొమ్మలోని మనిషి పేరు ముందే తెలుసు కాబట్టి, ఒక్కో అక్షరం ఊహించి నేర్చుకున్నాడు. యాభై దాటాక గుణింతం పట్టుబడింది. ఇదంతా ఆ ఒక్క పుస్తకం కోసమే అంటే మత్స్యకారుల పేటలో నమ్మేవాళ్ళు లేరు. పిచ్చి అనేవారు. వెనక అనేవారు, ఎందుకంటే ముందు అనడానికి భయం. పైడన్న వంతులవాడు.

ఆర్యపల్లి ఒడ్డున పట్టిన చేపని కుప్పలు వేస్తారు. ప్రతి భాగస్తుడూ తన గుర్తు ఇస్తాడు. ఒకడు గవ్వ, ఒకడు తాటాకు ముక్క, ఒకడు కాల్చిన బీడీ, ఒకడు వల బెండు. వంతులవాడు వాటిని దోసిట్లో కలిపి, కళ్ళు మూసుకుని కుప్పల వెంట నడుస్తూ, ఒక్కో కుప్ప మీద ఒక్కో గుర్తు వదులుతాడు. ఎవరి గుర్తు ఎక్కడ పడితే అది వాళ్ళది. ముప్పై ఏళ్ళు ఆ పని పైడన్నదే. చివరి గుర్తు వదిలి, కళ్ళు తెరిచి, “పడింది పడిందే” అనేవాడు. ఆ తర్వాత ఒడ్డున ఎవరూ నోరెత్తకూడదు.

ఒకే ఒక్కసారి ఒక మనిషి నోరెత్తింది. అతని తమ్ముడు సోములు కామెర్లతో పోయాడు. ఆరుగురు కలిసి కొన్న వలల్లో అతని భాగం పెళ్ళాం ఎర్రమ్మకి రావాలి. ఆరు కుప్పలు వేశారు. ఎర్రమ్మ తన గుర్తుగా మొగుడి చొక్కా బొత్తం ఇచ్చింది. పైడన్న కళ్ళు మూసుకుని వదిలాడు. బొత్తం పడిన కుప్ప విప్పి చూస్తే పైన కొత్త వల, కింద ఎలుకలు కొట్టిన పీలికలు.

“బావా, మళ్ళీ ఎయ్యి. ఇది కుప్ప కాదు, పెంట,” అంది ఎర్రమ్మ.

“సెయ్యి ఒదిలేసినాక మళ్ళీ నేదు. పడింది పడిందే.”

“ఎవులో కావాలని పెట్టినారు బావా. నీకు తెల్దేటి?”

“నాను కళ్ళు మూసుకున్నాను. నాకు తెల్దు.”

ఏడాది తిరక్కముందే తెలిసింది. భాగస్తులు ఇద్దరు ఆ కుప్పని అలా పేర్చారని సారా కొట్టు దగ్గర వాళ్ళే చెప్పుకున్నారు. పైడన్న విన్నాడు. వంతు మళ్ళీ వెయ్యలేదు. ఒకటి మళ్ళీ వేస్తే వెనకటివన్నీ మళ్ళీ వెయ్యమంటారన్నాడు. ఎర్రమ్మ ఎండు చేపల గంప ఎత్తుకుని బరంపురం బస్సెక్కడం మొదలుపెట్టింది. అప్పటినుంచి పదహారేళ్ళు. ఇద్దరివీ ఒకే అరుగు మీద పక్క పక్క ఇళ్ళు, మధ్యన ఒక గోడ. పైడన్న పెళ్ళాం పోయాక అతని కూడు కూడా ఎర్రమ్మే వండుతుంది. గిన్నె అరుగు మీద పెట్టి పిలవకుండా వెళ్ళిపోతుంది. ఆ పదహారేళ్ళలో ఆమె నవ్వగా చూసినవాళ్ళు లేరు.

రెండేళ్ళ కిందట పైడన్న చూపుకి అంచుల నుంచి చీకటి కమ్మడం మొదలైంది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతోందని బరంపురంలో డాక్టరు చెప్పాడు. పోయినది రాదు, మిగిలినది ఏడాది ఉంటే ఎక్కువ. పైడన్న మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ఆసుపత్రి నుంచి నేరుగా ఆ ఊళ్ళోనే గోసాని నువాగాంలో ఉన్న తెలుగు పఠన మందిరానికి నడిచి వెళ్ళాడు.

ఆ మందిరం ఒక గది. నాలుగు బీరువాలు, ఒక బల్ల, సాయంత్రాలు పోగయ్యే ఆరేడుగురు. ఆ ఊరు వచ్చినప్పుడల్లా వాళ్ళలో నేనూ ఒకణ్ణి. తాళం ఉమాదేవి దగ్గర ఉంటుంది. ఆమె భర్త పోయాక మందిరం నడిపే సంఘం వాళ్ళు ఇచ్చిన పని. కార్యదర్శి హరీష్, లంజిపల్లిలో ఇల్లు, ఇన్సూరెన్సు ఏజెంటు. బుచ్చిలింగం మొత్తం చదివానని రోజూ ఎవరో ఒకరికి గుర్తుచేసే మనిషి. నవ్వించడంలో అతనికి పోటీ లేదు. ఎవర్ని చూసి నవ్వాలో కూడా అతనే చెప్పేవాడు.

పైడన్న గుమ్మం బయట చెప్పులు విడిచి, పిశాచం కథ చెప్పి, ఆ పుస్తకం కావాలన్నాడు.

“అది ఏడోది. చివరికి ఏమవుతుందో చెప్పెయ్యనా?” అంది ఉమాదేవి నవ్వుతూ.

“ఒద్దు తల్లీ, సెప్పొద్దు. నాను సదువుకునే తెలుసుకుంటాను. రోజుకి రెండు పేజీలు సదవగల్ను. ఒక పుస్తకానికి కళ్ళు సరిపోతాయి. ఆ ఒక్కటీ ఇయ్యండి.”

అతను ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఒక్క పుస్తకానికే కళ్ళున్న మనిషి దొరికాడనగానే గదిలో అందరికీ హుషారొచ్చింది. ఏడోదానితో మొదలుపెట్టడమేమిటి అన్నాడు ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆ గుమాస్తా ఎవరో తెలియాలంటే రెండోది చదవాలట. రెండోదానికి మొదటిది చదవాలని ఇంకొకరు. మొదటిది పచ్చిగా ఉంటుంది, రాక్షసి మెస్సు ఉన్న పన్నెండోదే గుమ్మం అని నేను. అరగంట కొట్టుకున్నాం. పైడన్న నిలబడి, ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు తల తిప్పుతున్నాడు. పక్కచూపు లేదు గదా, తల మొత్తం తిప్పాలి.

“ఇంత సదివినోలు మీరు. నాకేటి తెలుసు?” అన్నాడు చివరికి.

“అరే భాయ్, గొడవెందుకు?” అన్నాడు హరీష్. “ఆర్యపల్లి కదూ నీది? అక్కడ దేనికైనా వంతులేస్తారటగా. ఇక్కడా వేద్దాం. నాలుగు చీటీలు. నీ పిశాచం కూడా ఒక చీటీ. నువ్వే తియ్యి.”

పైడన్న ముఖం వెలిగింది. ఆ గదిలో అతనికి తెలిసిన పని అదొక్కటే. తలపాగా విప్పి పరిచాడు. హరీష్ బల్ల చివర కూర్చుని చీటీలు రాశాడు, మడిచాడు, తలపాగాలో వేశాడు. పైడన్న కళ్ళు మూసుకుని రెండు చేతులా కలిపి, ఒకటి తీసి ఉమాదేవికిచ్చాడు.

ఆమె చదివింది. “మబ్బుపేట ధర్మశాసనం.”

గదిలో ఒక్కసారి నవ్వు. నేనూ నవ్వాను, నాలుగింట్లో ఒకటి చెత్తది కలిపాడు కాబోలు అనుకున్నాను. ఉమాదేవి, “అది వద్దులే పైడన్నా, కలిసి రాలేదు, ఇంకోటి తియ్యి,” అంది.

“మళ్ళీ ఏటమ్మా? పడింది పడిందే,” అన్నాడు పైడన్న. ఆ గదిలో అతను గట్టిగా అన్న మాట అదొక్కటే. అయిదువందల పన్నెండు పేజీల్ని చంటిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకుని వెళ్ళాడు.

గది ఊడుస్తూ ఉమాదేవి మిగిలిన మూడు చీటీలు విప్పి చూసింది. మూడింటిలోనూ ధర్మశాసనమే. మర్నాడు హరీష్‌ని అడిగితే, “పది పేజీలు చదివి తెచ్చి పారేస్తాడు ఉమక్కా. అప్పుడు పిశాచాన్ని ఇద్దువుగాని. కాస్త నవ్వుకోనీ,” అన్నాడు. ఆమె ఊరుకుంది. తాళం చెవి అతని మాట మీద తన దగ్గర ఉంది. ఆర్యపల్లికి బస్సు గంటే. ఆ గంట ప్రయాణం ఆమె పది నెలలు చెయ్యలేదు.

పైడన్న పది పేజీల దగ్గర ఆగలేదు. పొద్దున్నే వెలుతురు వచ్చేసరికి అరుగు మీద కూర్చునేవాడు. కంటికి నాలుగు వేళ్ళ దూరంలో పుస్తకం. ఒక్కో అక్షరం పైకి పలికేవాడు. మూడో ఉపచట్టం, నాలుగో నిబంధన, మేఘ సరిహద్దుల తగాదాల పరిష్కారం. గోడవతల ఎర్రమ్మ చేపలకి ఉప్పు రాస్తూ అంతా వినాల్సి వచ్చేది.

“ఏటి బావా, నవ్వుల పుస్తకమని సెప్పినావు. దినం రోజు బాపడు సదివేదిలాగున్నాది?”

“ముందుంటాది. పెద్ద రాసినోడు. ఊరికే నవ్వించడు.”

నూరో పేజీ దగ్గరా ముందుంటుందన్నాడు. మూడువందలో పేజీ దగ్గర ఎడమ కన్ను పూర్తిగా పోయింది. తప్పు తనదేననుకున్నాడు. అక్షరాలు పోస్టర్ల మీద నేర్చుకున్నాడు కాబట్టి నవ్వు ఉన్న చోట తనకి పట్టుబడటం లేదేమో అని, చదివిన పేజీలు మళ్ళీ చదివాడు. కళ్ళు అలా ఖర్చయ్యాయి. చివరి నలభై పేజీలు భూతద్దంతో, రోజుకి నాలుగు లైన్లు. అయిపోయిన రోజున అరుగు మీద పుస్తకం మూసి, చాలాసేపు అట్ట తడుముతూ కూర్చున్నాడని ఎర్రమ్మే చెప్పింది. ఇంకో వారానికి కుడి కన్నూ పోయింది.

పుస్తకం తిరిగిచ్చెయ్యాలి. ఎర్రమ్మ నెత్తిన గంపతో, చేత్తో అతని కర్ర చివర పట్టుకుని, అతన్ని బస్సులో తీసుకొచ్చింది. ఆ సాయంత్రం నేనూ ఉన్నాను. గంప గుమ్మం బయట దించి ఆమె అక్కడే చతికిలపడింది. పైడన్న లోపలికి వచ్చి, బల్ల అంచు తడిమి, పుస్తకం దాని మీద పెట్టాడు.

“పూర్తిగా చదివావా?” అన్నాడు హరీష్.

“పూర్తిగా బాబూ. సూడకండా సెప్పమన్నా సెప్తాను.” చెప్పాడు కూడా. రెండో శాసనం మొదటి నుంచి, ఒక్క మాట తప్పు పోకుండా, బడిలో పద్యం అప్పజెప్పినట్టు. హెడ్మాస్టరు పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు కదులుతోంది.

“ఒకటే అడగాల బాబూ,” అన్నాడు పైడన్న, గొంతు తగ్గించి. “ఇందులో నవ్వు ఏ పేజీలో ఉన్నాది? నాను దాటేసినట్టున్నాను. తమరు సెప్తే, ఆ పేజీ నాకు నోటికొచ్చు, మళ్ళీ అనుకుంటాను.”

హరీష్ ఆపుకోలేకపోయాడు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. “ఒరే బాబూ! నాలుగు చీటీల్లోనూ అదే రాశానురా! నువ్వు అయిదువందల పేజీలూ మింగేస్తావని ఎవడనుకున్నాడు? పిశాచం చీటీ అసలు లేనే లేదు!” అందరి వైపూ చూశాడు. అతని ముఖంలో పాపం ఏమీ లేదు. పైడన్న కూడా నవ్వుతాడని నిజంగానే ఎదురుచూశాడు.

ఎవరూ నవ్వలేదు. పైడన్న చెయ్యి బల్ల మీద అలాగే ఉంది. వేళ్ళు మాత్రం ఒకటొకటిగా ముడుచుకున్నాయి.

అప్పుడు గుమ్మం బయటినుంచి వినిపించింది.

“నాలుగూ ఒకటేనా బాబూ?” అంది ఎర్రమ్మ.

“నాలుగూ ఒకటే.”

ఎర్రమ్మ నవ్వింది. మొదట దగ్గులా వచ్చింది. తర్వాత ఆగలేదు. గంప మీద చెయ్యి వేసుకుని, పక్కకి ఒరిగిపోయి, రోడ్డు మీద సైకిళ్ళ వాళ్ళు ఆగి చూసేలా నవ్వింది. హరీష్ ముఖం పాలిపోయింది. అతనికి తన నవ్వు తప్ప ఇంకొకరి నవ్వు పడదు, అందులోనూ ఇది దేనికో అర్థం కాలేదు. పైడన్నకి అర్థమైంది.

ఉమాదేవి బీరువా తెరిచి ఏడో పుస్తకం తీసింది. “పైడన్నా, నేను వచ్చి చదువుతాను. ఆదివారం ఆదివారం వస్తాను. ఆ వంతు వంతే కాదు, మోసం. మళ్ళీ వేసుకున్నట్టే అనుకో.”

పైడన్న గుమ్మం వైపు ముఖం తిప్పాడు. అక్కడ నవ్వు అప్పటికి ఆగింది. ఎర్రమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, అతను ఏమంటాడో వినడానికి మెడ చాచింది. మోసం వంతు మళ్ళీ వెయ్యవచ్చని అతను ఒప్పుకుంటే, ఆమె అడగవలసిన మాట పదహారేళ్ళుగా నోట్లో సిద్ధంగా ఉంది.

“ఒద్దు తల్లీ,” అన్నాడు పైడన్న. “సెయ్యి పెట్టి తీసినాను. పడింది పడిందే.”

“అదీ మాట,” అంది ఎర్రమ్మ లేస్తూ. “పద బావా, బస్సెల్లిపోతాది.”

ఉమాదేవి ఆ ఆదివారం వెళ్ళింది. ఆలస్యంగా చేసిన మంచిపని మీద మనుషులకి ఎక్కువ పట్టుదల ఉంటుంది. అరుగు మీద పైడన్న చాప ఖాళీగా ఉంది. ఆమె గొంతు వినగానే అతను లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. బతిమాలింది. పిశాచం సంగతి తెలుసుకోవా అంది. తిరిగి వెళ్ళిపోబోతుంటే గోడ ఇవతల ఎర్రమ్మ పీట వేసింది.

“ఇంత దూరం ఒచ్చినావు, ఎండలో. నాకు సదవమ్మా. నా వంతు ఇంకా అవనేదు.”

ఉమాదేవి చదివింది. పిశాచం ఆఫీసు మెట్లెక్కింది. గుమాస్తా కళ్ళజోడు సవరించుకున్నాడు. ఎర్రమ్మ ఉప్పు చేతులతోనే నోరు మూసుకుని నవ్వింది. రెండో ఆదివారం ఇంకా నవ్వింది. మూడో ఆదివారానికి పేటలో నలుగురాడవాళ్ళు చేరారు. ఆర్యపల్లిలో ఆ నవ్వులు పడవల దాకా వినిపించేవట. మధ్య గోడ ఇటుకల్లోంచి వెలుతురు కనపడేంత పలచన. అవతల పైడన్న గోడకి వీపు ఆనించి కూర్చుంటాడని అందరికీ తెలుసు. ఎవరైనా పిలిస్తే మాత్రం, తనకి వినే హక్కు లేదనేవాడు.

ఐదో ఆదివారం ఆఖరి ప్రకరణం వచ్చింది. పిశాచం చేతిలో అన్ని కాగితాలూ ఉన్నాయి, గుమాస్తా స్టాంపు ఎత్తాడు. ఉమాదేవికి గోడవతల చాప కదిలిన చప్పుడు వినిపించింది. అతను ఇంకొంచెం దగ్గరికి జరిగాడు. ఆమె కావాలనే గొంతు పెంచింది.

ఎర్రమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

“కొంచెం నెమ్మదిగా సదవమ్మా,” అంది. “అవతలికి ఇనబడతాది.”